పొట్టి సందేశాల వేదిక మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంతగా ఎందుకు పాకింది?

కావలి విలేకరి (కావలి)

పెద్దలకూ మిత్రులకూ నమస్కారం. ఒక సందేహంతో ఈ చర్చ మొదలు పెడుతున్నాను. పదేళ్ల క్రితం దాకా మండలంలో ఏ అధికారి అయినా ఏదైనా చెప్పదలచుకుంటే మా విలేకరులకు ఫోను చేసేవారు, లేకుంటే అటెండరు చేత కాగితం పంపేవారు. ఇప్పుడు జిల్లా యంత్రాంగం, పోలీసులు, రైల్వే, వాతావరణ శాఖ, అందరూ ముందు ఎక్స్‌లో (మన నోటికి అది ఇంకా ట్విట్టరే) నాలుగు వాక్యాలు పెట్టి, ఆ తరువాతే మా వాట్సాప్ గుంపులో దాని లంకె వేస్తున్నారు. విలేకరుల సమావేశానికి మేము చేరేసరికి అక్కడ చెప్పబోయేదంతా మా ఫోన్లలో ఉంటోంది.

నాకు అంతుపట్టనిది ఒకటుంది. ట్రంకు రోడ్డులో ఏ టీ అంగడి దగ్గరైనా నిలబడి అడగండి. వాట్సాప్ లేనివారు ఉండరు, యూట్యూబ్ చూడనివారు ఉండరు, ఎక్స్‌లో ఖాతా ఉన్నవారు మాత్రం వెతికితే ఒకరో ఇద్దరో దొరుకుతారు. అయినా ఊళ్లో ఏ వివాదం లేచినా దాని మొదలు అక్కడే కనిపిస్తోంది. రాసేవారు ఇంత తక్కువగా ఉన్న చోట రాసిన మాటకు అంత బలం ఎక్కడి నుంచి వస్తోంది?

దాని పుట్టుక గురించి చదివాను. 2006 మార్చి 21న దానిని స్థాపించినవారిలో ఒకరైన జాక్ డోర్సీ మొదటి సందేశం పెట్టారు. 2007 మార్చిలో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో జరిగిన ఒక పెద్ద సదస్సులో అది జనం కంటపడింది. 2009 జనవరిలో హడ్సన్ నది మీద విమానం దిగినప్పుడు, ఆదుకోవడానికి వెళ్లిన పడవలోని ప్రయాణికుడు తీసిన ఫొటో టీవీల కంటే ముందు అందులోనే లోకానికి చేరింది. అదంతా అక్కడి కథ. మన దగ్గర సంగతి మీరు చెప్పాలి.

కంభం చెరువు (ఊరు కంభం, ఉద్యోగం బెంగళూరు)

విలేకరి గారూ, వాట్సాప్‌లో మీరు ఎంత గట్టిగా అరిచినా ఆ గుంపులో ఉన్నవారికే వినబడుతుంది. ఎక్స్‌లో పెట్టిన మాట నడిబజారులో నిలబడి అన్న మాట. ఎవరైనా వినవచ్చు, ఎవరి పేరైనా పెట్టి పిలవవచ్చు. పిలిపించుకున్న అధికారి పలకకపోతే, పలకలేదన్న సంగతి కూడా అందరికీ కనబడుతుంది. అందువల్ల ఖాతాల సంఖ్యను చూసి దాని బలాన్ని కొలవలేము. ఆ కొద్దిమందిలో ఎవరెవరు ఉన్నారో చూడాలి. విలేకరులు, అధికారులు, పార్టీల వారు, సినిమావారు, వీరందరూ అక్కడున్నారు. అక్కడ అన్న మాటను వారే టీవీకీ పత్రికకూ వాట్సాప్‌కూ మోస్తున్నారు. మీ టీ అంగడి దగ్గరున్న వ్యక్తికి ఖాతా లేకపోయినా, అక్కడి మాట రెండు గంటల్లో స్క్రీన్‌షాట్ రూపంలో అతని చేతికి వస్తుంది.

ఇక తెలుగువారు ఇందులోకి ఆలస్యంగా రావడానికి సాంకేతిక కారణం ఉంది. మొదట్లో ఈ సందేశాలు ఎస్సెమ్మెస్ ద్వారా నడిచేవి. ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషు అక్షరాలు 160 పడతాయి. అందులో 20 రాసినవారి పేరుకు వదిలి, మిగిలిన 140ని హద్దుగా పెట్టారు. అదే ఎస్సెమ్మెస్‌లో తెలుగు రాస్తే 70 సంకేతాలే పడతాయి, ఎందుకంటే తెలుగులో ఒక్కొక్క సంకేతానికి ఇంగ్లీషు అక్షరం కంటే ఎక్కువ చోటు, అంటే 16 బిట్లు, కావాలి. దానికి తోడు 2010 ప్రాంతంలో చాలా ఫోన్లలో తెలుగు అక్షరాలు ఖాళీ గళ్లుగా కనిపించేవి. అందువల్ల మనవారు ఇంగ్లీషు లిపిలో తెలుగు రాయడం అలవాటు చేసుకున్నారు, ఆ అలవాటు నేటికీ పూర్తిగా పోలేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవక అయింది, అప్పటికి ఫోన్లలో తెలుగు కూడా సరిగ్గా కనబడసాగింది. మన పల్లెల నుంచి తెలుగు లిపిలో రాసేవారు పెరిగింది అక్కడి నుంచే.

గుండ్లకమ్మ (ఒంగోలు, విశ్రాంత తెలుగు అధ్యాపకుడు)

పొట్టిగా రాయడం మనకు కొత్తేమీ కాదు. కందపద్యంలో నాలుగు పాదాలకు కలిపి 64 మాత్రలే ఉంటాయి, అందులోనే ప్రాస, గణాల నియమాలు అన్నీ ఇమడాలి. అంత ఇరుకులో కూడా మన పెద్దలు వెక్కిరింతలు, వేడుకోళ్లు, తగవులు, లెక్కలు, అన్నీ చెప్పారు. నా చిన్నతనంలో తంతి పంపేటప్పుడు మాటకింత అని రుసుము కట్టవలసి ఉండటం వల్ల, తపాలా కార్యాలయం గుమ్మంలో నిలబడి అనవసరమైన మాటలను కొట్టివేసేవారు. ఆ తంతి సేవ కూడా 2013 జులైలో ఆగిపోయింది.

అయితే పద్యానికీ దీనికీ ఒక తేడా ఉంది. పద్యం రాసినవాడు దానిని పదిసార్లు దిద్దిన తరువాతే నలుగురికి వినిపించేవాడు. తంతి ఇచ్చేవాడు జేబు చూసుకొని ఆలోచించేవాడు. ఇక్కడ మాటకు రుసుము లేదు, దిద్దడానికి వ్యవధి లేదు, పైగా వాదం పొడవైతే దానిని ముక్కలు చేసి ఒకదాని కింద ఒకటి వేస్తున్నారు. ఆ ముక్కల్లో ఒక్కదానినే పట్టుకొని, పైనా కిందా ఏముందో చూడకుండా తగవు పెట్టుకునేవారు కోకొల్లలు. 2009 సెప్టెంబరులో అప్పటి విదేశాంగ సహాయమంత్రి శశి థరూర్ విమానంలో చవక తరగతి గురించి చమత్కారంగా ఒక మాట అన్నందుకు ఎంత దుమారం రేగిందో మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. మన దేశంలో ఈ వేదిక పేరు చాలామంది వినడానికి ఆ దుమారం కూడా ఒక కారణమని నా అభిప్రాయం. తగవుతో వ్యాపించినది తగవుతోనే బతుకుతుంది.

కంభం చెరువు

మాస్టారూ, మీ మాటలో న్యాయం ఉంది కానీ ఇరుకు గురించి ఒక సంగతి చెప్పాలి. 2017 నవంబరులో హద్దును 140 నుంచి 280కి పెంచారు. తెలుగులో గుణింతపు గుర్తు, పొల్లు, సున్న, అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. ‘నెల్లూరు’ అని రాస్తే కంటికి మూడు అక్షరాలు, యంత్రానికి 8 సంకేతాలు. ఇంగ్లీషులో ఆ ఊరి పేరుకు 7 అక్షరాలు కావాలి, అంటే తేడా ఒక్కటే. మన విభక్తులు పదానికే అతుక్కుంటాయి గనుక విడి మాటలూ ఖాళీలూ కొంత తగ్గుతాయి. ఇప్పుడు నెలకు రుసుము కట్టేవారు 25 వేల సంకేతాల దాకా రాసుకోవచ్చు. చోటు చాలదన్న సాకు ఇక మిగల్లేదు.

గట్టు మీద (విడవలూరు మండలం, రొయ్యల రైతు)

నాకు పద్యాలూ సంకేతాలూ తెలియవు. గట్టు మీదికి ఇది ఎందుకు వచ్చిందో మాత్రం చెప్పగలను.

మాకు కావలసినవి రెండు, ధర కబురు, గాలివాన కబురు. వనామీ రొయ్య అమెరికాకు పోతుంది, అక్కడ ఎవరు ఏ మాట అన్నా ఇక్కడ కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధర మారుతుంది. 2025 జులై 30న ఆ దేశాధ్యక్షుడు మన సరుకు మీద 25 శాతం సుంకం వేస్తున్నట్టు ఒక చిన్న సందేశం పెట్టాడు. మనకు అది సాయంత్రం వేళ. మరునాటి పొద్దున పట్టుబడికి (చెరువులో రొయ్యలు పట్టే పనికి) రావలసిన కొనుగోలుదారు ఫోను ఎత్తలేదు. వలలు, ఐసు, కూలీలు, అన్నీ చెప్పి పెట్టుకున్న తరువాత సంగతి ఇది. మధ్యాహ్నానికి వేరొకరు వచ్చి, 100 కౌంటుకు ముందు రోజు చెప్పిన ధర కంటే బాగా తగ్గించి అడిగారు. ఎందుకని అడిగితే తన ఫోను తెర నా ముందు పెట్టారు. రాత్రే ఆయనకు తెలుసు, నాకు తెలియదు. ఆగస్టు 27 నుంచి ఆ సుంకం 50 శాతానికి చేరిన సంగతి అందరికీ తెలిసిందే. ఆ సీజనులోనే మా కాలువ పక్కనున్న రైతులు చాలామంది ఖాతాలు తెరిచారు. రాయడానికి కాదు, చూడటానికి. నేను కూడా ఇంతవరకు అందులో ఒక్క మాట రాయలేదు.

గాలివాన సంగతీ అంతే. కరెంటు పోతే ఏరియేటర్లు (నీటిలోకి గాలి కలిపే యంత్రాలు) ఆగుతాయి, ఏరియేటర్లు ఆగితే రాత్రికి రాత్రే నీటిలో ప్రాణవాయువు పడిపోయి తెల్లారేసరికి రొయ్య తేలుతుంది. తుపాను ఎంత దూరంలో ఉన్నదో ముందుగా తెలిస్తే జనరేటరుకు డీజిలు తెచ్చి పెట్టుకోవచ్చు, లేదా ముందే పట్టుబడి చేసుకోవచ్చు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటే ముందు రెండు రోజులూ మేము వాతావరణ శాఖ సందేశాలనూ, శ్రీహరికోట రాడారు చిత్రాలను పెట్టేవారినీ చూస్తూ గట్టు మీదే కూర్చున్నాము. టీవీ వారు ఒకే బొమ్మను గంటల తరబడి తిప్పుతుంటారు. ఇక్కడ రాడారు బొమ్మ ఎప్పటికప్పుడు మారుతుంటుంది, మన మండలం మీద మబ్బు ఉందా లేదా అని వేలితో చూపించవచ్చు.

కంభం చెరువు

అన్నా, చిన్న దిద్దుబాటు. ఆ సుంకం సందేశం ముందు వచ్చింది ఎక్స్‌లో కాదు, ట్రూత్ సోషల్‌లో. అది ఆయన సొంత వేదిక, 2022 ఫిబ్రవరిలో మొదలైంది.

గట్టు మీద

ఏ వేదికైతేనేం తమ్ముడూ, మా దాకా మోసుకొచ్చింది ఇదే కదా.

ఉదయగిరి టీచరు (ఉదయగిరి ప్రాంతం)

అందరూ మేలు చెబుతున్నారు గనుక రెండో వైపు నేను చెబుతాను. మా బడికి వెళ్లే దారిలో ఒక కల్వర్టు కూలిపోయి, వాన పడితే పిల్లలు వాగులో దిగి రావలసి వచ్చేది. నా సొంత పేరుతో ఖాతా తెరిచి, ఫొటో పెట్టి, సంబంధిత శాఖ పేరు తగిలించి, మర్యాదగా మూడు వాక్యాలు రాశాను. శాఖ నుంచి బదులు లేదు. ముక్కూ మొహం తెలియని వారి నుంచి మాత్రం వచ్చింది. నేను ఏ పార్టీ మనిషినో తేల్చడానికి కొందరు, నా కులమేదో అడగడానికి కొందరు, ఆడవారికి రాయకూడని మాటలు రాయడానికి మరికొందరు పోటీ పడ్డారు. వారిలో ఒక్కరికీ సొంత ఫొటో లేదు, అందరి ముఖాలూ హీరోలవో నాయకులవో. కల్వర్టు గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

ఆన్‌లైన్‌లో నొప్పించే రాతలకు శిక్ష వేసే ఐటీ చట్టంలోని పాత 66ఎ సెక్షన్‌ను సుప్రీం కోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. భావ వ్యక్తీకరణ దృష్ట్యా ఆ తీర్పు సరైనదేనని నేనూ నమ్ముతాను. ఆడవారిని వెంటాడి వేధించడానికీ, అవమానించడానికీ ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 78, 79 సెక్షన్లు ఉన్నాయని కూడా తెలుసు. కానీ ఉదయగిరి నుంచి బస్సెక్కి స్టేషనుకు పోయి, ఆ మాటలన్నీ ఒక మగ కానిస్టేబులుకు చదివి వినిపించి ఫిర్యాదు రాయించడం ఎవరి వల్ల అవుతుంది? ఖాతా మూసివేశాను. మీరు చెప్పే నడిబజారులో ఆడవారు నిలబడటానికి చోటు ఎంతుందో కూడా చెప్పండి.

గుండ్లకమ్మ

అమ్మా, మీరు చెప్పిన దానికి నా దగ్గర జవాబు లేదు. బజారు అన్నప్పుడు అక్కడ కాపలా ఎవరిది అన్న ప్రశ్న కూడా రావాలి. ఆ కాపలా మునుపటి కంటే పలుచబడిందని వింటున్నాను.

కంభం చెరువు

మాస్టారు విన్నది నిజమే. 2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ ఆ సంస్థను 4,400 కోట్ల డాలర్లకు కొన్న తరువాత ఉద్యోగులను పెద్ద ఎత్తున తీసివేశారు, అందులో అభ్యంతరకరమైన రాతలను పరిశీలించే వారు కూడా ఉన్నారు. అంతకు ముందు పేరు పక్కన నీలం గుర్తు ఉందంటే ఆ మనిషి ఎవరో సంస్థ సరిచూసుకుందని అర్థం. ఇప్పుడు నెలకు రుసుము కట్టినవారందరికీ ఇస్తున్నారు, పైగా వారి జవాబులు పైన కనబడతాయి. 2023 జులైలో పేరు ఎక్స్‌గా మారింది, ఎక్కువమంది చూసిన ఖాతాలకు ప్రకటనల రాబడిలో వాటా ఇవ్వడం కూడా ఆ నెలలోనే మొదలైంది. తగవు పెడితే జనం చూస్తారు, జనం చూస్తే డబ్బు వస్తుంది. టీచరు గారి కల్వర్టు కింద కులం అడిగిన వారిలో కొందరికి అది కాలక్షేపం, కొందరికి సంపాదన.

ఇదంతా నచ్చక మనవారు వేరే చోటుకు పోకపోలేదు. బెంగళూరులో 2020లో మొదలైన కూ అనే వేదిక తెలుగుతో సహా మన భాషలకే పెద్దపీట వేసింది. మంత్రులు, శాఖలు అందులో ఖాతాలు తెరిచారు. నేనూ కొంతకాలం అక్కడే రాశాను, తెలుగు నిజంగా బాగుండేది. 2024 జులైలో అది మూతపడింది. అక్కడ మన భాష ఉంది, వినవలసినవారు మాత్రం ఎక్స్ వదిలి రాలేదు.

చీమకుర్తి కుర్రోడు (చీమకుర్తి)

హీరోల ముఖాలు పెట్టుకున్నవారి గురించి టీచరమ్మ రాశారు గనుక, ఆ ముఖం పెట్టుకున్నవారిలో ఒకడిగా మాట్లాడతాను. అందరమూ అలాంటివారం కాదు. కానీ ఇక్కడ ఈ వేదిక వ్యాపించడానికి మా అభిమానులే ముఖ్య కారణమని ఒప్పుకోవాలి. 2020 మార్చి 25న, ఉగాది నాడు, చిరంజీవి గారు ఖాతా తెరిచినప్పుడు మా వీధిలో ఆ ఒక్క రోజే ఎంతమంది చేరారో నాకు తెలుసు. లాక్‌డౌన్ మొదలైన రోజు అది, ఎవరికీ వేరే పని లేదు. అంతకు ముందు ఫ్లెక్సీ కట్టి, థియేటరు దగ్గర పాలాభిషేకం చేసి చూపించే అభిమానాన్ని ఇప్పుడు హ్యాష్‌ట్యాగ్‌తో చూపిస్తున్నాం. పుట్టినరోజుకు ముందే అందరి ఖాతాలకూ ఒకే ఫొటో తయారవుతుంది, ఏ గంటకు మొదలుపెట్టాలో గుంపులో చెబుతారు, ఆ గంటకు గ్రానైటు పాలిషింగ్ యూనిట్లో షిఫ్టులో ఉన్నవాడు కూడా పక్కకు వచ్చి నాలుగు సందేశాలు వేసి పోతాడు. ఇంత శ్రమా చేసేది ఎదుటి హీరో సంఖ్యను దాటడానికే.

ఆ హ్యాష్‌ట్యాగ్ గుర్తును (#) 2007 ఆగస్టులో క్రిస్ మెస్సీనా అనే ఆయన సూచించారట, సంస్థ మొదట దానిని పెద్దగా పట్టించుకోలేదట. మా ఊరివారి వాడకం చూస్తే ఆయన ఏమనుకుంటారో.

ఈ అలవాటునే పార్టీలు పట్టుకున్నాయి. ఎన్నికల్లో ట్యాగులు నడిపినవారిలో ఎక్కువమంది మా అభిమాన సంఘాల కుర్రవాళ్లే. టీచరమ్మ గారికి రాసిన మాటలు ఎవరు రాసినా తప్పు తప్పే. మా గుంపులో అలా రాసినవాడిని తీసివేస్తాము, కానీ వాడు మరుసటి రోజు వేరే పేరుతో వస్తాడు.

కావలి విలేకరి

అందరూ రాసింది చదివాక నా ప్రశ్నకు సగం జవాబు దొరికింది. మిగిలిన సగానికి నా అనుభవం చెబుతాను.

2021 నవంబరులో పెన్నా పొంగి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోతకు గురై, కోవూరు దగ్గర జాతీయ రహదారి తెగిన రోజులు నెల్లూరు వారు మరిచిపోలేరు. చెన్నై వైపు, విజయవాడ వైపు వాహనాలు కిలోమీటర్ల కొద్దీ నిలిచిపోయాయి. ఆ రాత్రి మాకు పనికివచ్చిన వార్తలో ఎక్కువ భాగం రోడ్డు మీద చిక్కుకున్న ప్రయాణికులు ఎక్స్‌లో పెట్టినదే: నీరు ఎక్కడి దాకా వచ్చింది, ఏ రైలును ఏ స్టేషనులో ఆపారు, మళ్లింపు ఎటు అన్నవి. అదే రాత్రి ఒక వంతెన కొట్టుకుపోతున్న వీడియో కూడా విపరీతంగా తిరిగింది. అందులో కనిపించిన దుకాణం బోర్డు మీద మలయాళం అక్షరాలున్నాయి! బోర్డు చదివే ఓపిక లేక దానిని పంచినవారిలో బాగా చదువుకున్నవారు ఉన్నారు. ఇప్పుడు అలాంటి వాటి కింద వాడుకరులే కలిసి వివరణ చేర్చే ఏర్పాటు ఉంది, కాకపోతే తెలుగు రాతల కింద ఆ వివరణ నాకు అరుదుగా కనబడుతోంది. కొందరు ఎక్స్‌లోనే ఉన్న గ్రోక్ అనే కృత్రిమ మేధ యంత్రాన్ని ‘ఇది నిజమేనా’ అని అడిగి, అది ఏమంటే దానినే తీర్పుగా తీసుకుంటున్నారు.

ఇక ఫిర్యాదుల సంగతి. సురేశ్ ప్రభు రైల్వే మంత్రిగా, సుష్మా స్వరాజ్ విదేశాంగ మంత్రిగా ఉన్న కాలంలో ఒక్క సందేశంతో పనులు జరిగిన కథలు చాలా వచ్చాయి. సురేశ్ ప్రభు 2016లో మన రాష్ట్రం నుంచే రాజ్యసభకు వెళ్లారు కూడా. ఆ కథలు నిజమే. కానీ వాటిని చదివి అందరికీ అలాగే జరుగుతుందని జనం నమ్మారు. పై కుర్చీలో ఉన్నవారు స్వయంగా చూసుకున్నంత కాలం పని జరుగుతుంది. వారు మారితే ఖాతా ఉంటుంది, చూసే మనిషి ఉండడు. టీచరు గారి కల్వర్టుకు జరిగింది అదే అయి ఉంటుంది.

ఉదయగిరి టీచరు

అయితే ఏం చేయమంటారు?

కావలి విలేకరి

అమ్మా, నేను చూసినంతలో పని జరిగే పద్ధతి ఇది. ముందు సోమవారం నాడు కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఎక్స్‌లో పెట్టిన దానికి రసీదు ఉండదు, అది చేరిందనడానికి మీ దగ్గర ఆధారం ఉండదు, దాని మీద గడువు పెట్టి అడిగే హక్కూ ఉండదు. అర్జీ సంఖ్య చేతికి వచ్చాక, గడువు దాటితే అప్పుడు ఆ సంఖ్యతో సహా అక్కడ పెట్టించండి. ఊరు, మండలం, ఏ రోడ్డు మీద ఎన్నో కిలోమీటరు, ఫొటో తీసిన తేదీ ఉండాలి. శాఖను తిట్టే మాట ఒక్కటీ ఉండకూడదు. మీ పేరుతోనే పెట్టవలసిన అవసరం లేదు, బడి యాజమాన్య కమిటీ వారి చేత పెట్టించవచ్చు, మాలాంటి విలేకరులకు ఇచ్చినా పెడతాము. అర్జీ సంఖ్య ఉన్న సందేశాన్ని మా డెస్కు కూడా వార్తగా సులువుగా ఒప్పుకుంటుంది, ఎందుకంటే అధికారిని అడగడానికి మాకు ఒక పట్టు దొరుకుతుంది.

గట్టు మీద

ఒక జాగ్రత్త కూడా చేర్చండి విలేకరి గారూ. మా పక్క చెరువు రైతు తన ఖాతాలో నుంచి డబ్బు కోత పడిందని బ్యాంకు పేరు పెట్టి రాయించాడు. నిమిషాల్లో బ్యాంకు గుర్తే పెట్టుకున్న ఒక ఖాతా నుంచి మర్యాదగా జవాబు వచ్చింది, ఫోను నంబరు ఇవ్వమన్నారు, తరువాత ఒక లంకె నొక్కమన్నారు. మేత కొనడానికి దాచుకున్న డబ్బు పోయింది. అసలు బ్యాంకు నుంచి జవాబు రెండు రోజుల తరువాత వచ్చింది.

కావలి విలేకరి

అలా పోయిన వెంటనే 1930కి ఫోను చేయాలి, ఆలస్యమైన కొద్దీ డబ్బును ఆపగలిగే అవకాశం తగ్గుతుంది. ఫిర్యాదు పెట్టినవారికి ఎంత త్వరగా జవాబు వస్తే అంతగా అనుమానించాలి. టీచరు గారూ, మీ కల్వర్టు ఫొటోలు, తేదీలు నాకు ఈ చర్చా వేదికలోనే విడిగా పంపండి. వచ్చే సోమవారం నెల్లూరు వెళ్లే పని ఉంది, అర్జీ మీ ఊరివారితో కలిసి ఇప్పిస్తాను.